వంటింట్లోకి పోయిన వైరు

మా ఇంట్లో ఆ యాంప్లిఫయర్‌కి మూడు పేర్లుండేవి. మామయ్య "సెట్టు" అనేవారు. అత్తయ్య "పాటల మిషను" అనేది. మా ఆయన "ఆ డబ్బా" అనేవాడు. నేను కాపురానికి వచ్చేసరికే అది హాల్లో చెక్క బీరువా మీద, క్యాసెట్ ప్లేయరు పక్కన ఉంది. ముందువైపు వెండిరంగు రేకు, నడుమ ఒక పెద్ద గుబ్బ, దాని పక్కన వరసగా చిన్న గుబ్బలు. చిన్న గాజు కిటికీ వెనక పాటకి తగ్గట్టు ఊగే ముళ్ళు రెండు. రెండు అన్నానే గానీ, ఊగేది ఒకటే. రెండోది చెడిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళలో దాని గురించి ఎవర్నీ అడగలేదు.

మా పుట్టిల్లు బళ్ళారి గనుల పక్క యశ్వంతనగర్. నాన్నకి ఖనిజం మోసే లారీలు ఉండేవి. మాకు పాటంటే లారీ క్యాబిన్లో మోగేదే. ఇంజను మోతలో పాట ఎంత వినపడితే అంతే. మా అత్తగారివాళ్ళు కృష్ణా జిల్లా వైపు నుంచి కాలువ నీళ్ళ వెంట వచ్చి కంప్లి దగ్గర వలస రైతుల క్యాంపులో వరి పెట్టుకున్నవాళ్ళు. తర్వాత ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారు. ఇద్దరిదీ తెలుగే, అయినా మొదట్లో నేను "అన్నం పెడతాండా, రండి" అంటే అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మా ఆయన్ని "ఏమప్పా" అని పిలిచిన రోజు ఆమె మొహం చూడాలి. ఇప్పుడు ఆమే పాలవాణ్ణి "ఏమప్పా, నీళ్ళు ఎక్కువైనాయి" అంటుంది.

పోయిన వానాకాలం మొదలయ్యేటప్పుడు సెట్టు తిక్క చేయడం మొదలుపెట్టింది. పాట మధ్యలో గరగరమని గొంతు పోయేది. మామయ్య వరండాలో కుర్చీలోంచి లేచి హాల్లోకి వచ్చి దాని నెత్తి మీద ఒకటి తట్టేవారు. మళ్ళీ పాడేది. కొన్నాళ్ళకి ఒక తట్టు చాల్లేదు. ఒకరోజు ఆయన లోపలికీ బయటికీ తిరిగి తిరిగి విసిగిపోయారు.

"తీసి అవతల పారేయండ్రా దీన్ని. ఆ ఫోన్లోంచి పాడే పెట్టెలు ఉన్నాయిగా, ఒకటి తెచ్చుకుందాం," అన్నారు.

నాకు ఆశ్చర్యం వేసింది. సెట్టుని ముట్టుకోనివ్వరేమో, పాతదే ముద్దు అంటారేమో అనుకున్నాను. ఆయనకి అట్లాంటి పట్టింపు ఏమీ లేదు. రైస్ మిల్లు ఆఫీసులో అరచెయ్యంత పెట్టె ఒకటి గది నిండా మోగడం చూసొచ్చారట. మా ఆయన అప్పుడే ఫోన్ తీసి బొమ్మలు చూపించడం మొదలుపెట్టాడు. తండ్రీ కొడుకులు ఒక విషయం మీద అంత తొందరగా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ ఆదివారమే ముగ్గురం బళ్ళారి వెళ్ళాం. షాపులో కుర్రవాడు నిలువెత్తు పెట్టె ఒకటి పెట్టి చూపించాడు. దానికి రంగు దీపాలు. ఒక్క దెబ్బ కొడితే నా చేతిలో సంచీ అదిరింది. మామయ్యకి అది నచ్చలేదు, పక్కనున్న చిన్నది నచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దీని రెండో పెట్టె ఏదబ్బాయ్?" అన్నారు.

"ఒక్కటే సార్. ఇందులోనే అంతా వస్తుంది," అన్నాడు కుర్రవాడు. "మీ దగ్గర పాతది ఉంటే తీసుకురండి, ఎక్స్చేంజ్ చేస్తాం. యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు, వైర్లు, అన్నీ తేవాలి."

పాతది తీసుకుని మళ్ళీ వద్దామని తిరుగు బస్సెక్కాం. దారిలో నేను మామయ్యని అడిగాను. "రెండు స్పీకర్లేంది మామయ్యా? మనకి ఉండేది ఒకటే కదా, వరండా కిటికీలో?"

"ఒకటేగా," అన్నారాయన. మళ్ళీ ఆయనే, "రెండోది కూడా ఉండాలే. ఏమయిందో మరి," అన్నారు. అంతకుమించి ఆయనకి గుర్తు రాలేదు.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఒక వైపు లెక్క తేలి ఇంకో వైపు తేలకపోతే నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. మరుసటి రోజు స్కూలు నుంచి రాగానే బీరువాని గోడ నుంచి ముందుకి లాగాను. దాని వెనక సాలెగూళ్ళు, పాత కాలెండరు, ఒక దువ్వెన. సెట్టు వెనక రేకు మీద ఇంగ్లీషులో లెఫ్ట్ అనీ రైట్ అనీ రాసి ఉంది. రైట్ నుంచి ఒక వైరు వరండా కిటికీ వైపు పోతోంది. అది తెలిసిందే. లెఫ్ట్ నుంచి కూడా ఒక వైరు బయల్దేరింది. బీరువా వెనకే గోడ ఎక్కి, తలుపు చట్రం మీదుగా నడవలోకి పోయింది. ఆ వైరుని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. సున్నం మీద సున్నం, రంగు మీద రంగు పడి గోడలో గీతలాగా అయిపోయింది. ఎప్పటిదో టెలిఫోన్ వైరు అనుకునేదాన్ని.

స్టూలు వేసుకుని, వేలితో తడుముకుంటూ పోయాను. నడవ దాటింది. వంటింటి గుమ్మం పైన చిన్న బొక్కలోంచి లోపలికి దూరింది. లోపల మసిపట్టిన గోడ మీద కిందికి దిగి, గూట్లో ఊరగాయ జాడీలు పెట్టే చెక్కపెట్టె వెనక్కి పోయింది. అక్కడితో ఆగిపోయింది.

"అత్తయ్యా, ఈ వైరు యాడికి పోతాంది?"

అత్తయ్య గోంగూర ఒలుస్తోంది. తల ఎత్తకుండానే, "పెట్టెలోకి," అంది.

"ఏ పెట్టెలోకి?"

"ఆ పెట్టేనమ్మా. అది పాటల పెట్టె."

నేను జాడీలు ఒక్కొక్కటే దించాను. పెట్టె మీద కప్పిన ఆయిల్‌క్లాత్ తీశాను. ముందువైపు నూనె జిడ్డుతో గట్టిపడిన గుడ్డ, దాని వెనక గుండ్రంగా స్పీకరు. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నేను దాని మీదనే మాగాయ పెడతా ఉన్నాను, తీస్తా ఉన్నాను.

అత్తయ్య అప్పుడు చెప్పింది. వాళ్ళు క్యాంపు నుంచి ఊళ్ళోకి వచ్చిన కొత్తలో కోతల కాలమంతా కూలివాళ్ళకి కూడా ఈ వంటింట్లోనే వండేదట. మామయ్య వరండాలో పాటలు పెడితే ఇక్కడికి సగం ముక్కలే వినపడేవి. ఒకరోజు కాస్త సౌండు పెంచమని అడిగింది. ఆయన పెంచలేదు. మర్నాడు బజారు నుంచి వైరు చుట్ట తెచ్చి, పొద్దంతా మేకులు కొట్టి, రెండో పెట్టెని మోసుకొచ్చి ఇక్కడ పెట్టేశారు.

"మరి ఆగిపోయినప్పుడు చెప్పలేదా మీరు?"

"చెప్పాగా. సెట్టు పాడట్లేదండీ అన్నా. ఆయన వరండాలోంచి, పాడుతూనే ఉందిగా అన్నారు. కొన్నాళ్ళాగి మళ్ళీ చెప్పా. మళ్ళీ అదే మాట." గోంగూర కాడలు పక్కకి నెట్టింది. "ఇద్దరం నిజమే చెప్పాం కదమ్మాయ్. ఇంకేం పోట్లాడతాం?"

ఎప్పుడు ఆగిందని అడిగితే, "నువ్వు రాకముందు," అంది. అంతకన్నా సరిగా చెప్పలేకపోయింది.

పెట్టె చెడిందా, సెట్టే చెడిందా? అది తెలుసుకోవడం కష్టం కాదు. హాల్లోకి పోయి, వంటింటి వైరుని లెఫ్ట్ నుంచి ఊడదీసి రైట్‌కి తగిలించాను. మామయ్య రోజూ సాయంత్రం వినే పాత యుగళగీతం క్యాసెట్ పెట్టి వంటింట్లోకి పరుగెత్తాను. కాసేపు బుసబుసలు. తర్వాత గుడ్డ వెనక నుంచి ఆడగొంతు వచ్చింది, దాని వెంట మగగొంతు. మూత సరిగా పెట్టని జాడీ ఒకటి టకటకలాడింది.

అత్తయ్య కత్తిపీట ముందు నుంచి లేచి వచ్చింది. చాలా శ్రద్ధగా వింది. ఆమె సంతోషిస్తుందని చూస్తున్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పాట ఇదే గానీ, ఇట్లా ఉండదు."

"ఎట్లుంటాది మరి?"

"పల్లవి అయిపోగానే పిల్లనగ్రోవి వస్తుంది. దీంట్లో ఏదీ? ఏవో ఫిడేళ్ళు వస్తన్నాయి."

నేను వరండాలోకి పోయి మామయ్యని అడిగాను. "ఈ పాటలో పిల్లనగ్రోవి ఉంటాదా మామయ్యా?"

"ఈ పాటలోనా? లేదు. వయొలిన్లే. మీ అత్తయ్య ఇంకేదో పాట అనుకుంటోంది."

ఆ మాట వంటింట్లోకి వినపడింది. "నేను ఇంకేదో అనుకోవట్లేదు. నాకు తెలీదా ఆ పాట?" అని లోపల్నుంచి గట్టిగా వచ్చింది జవాబు.

అప్పటికి నాకు అనుమానం మొదలైంది. ఫోన్లో అదే పాట వెతికి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని నడవలో నిలబడ్డాను. పల్లవి అయిపోయింది. ఎడమ చెవిలో పిల్లనగ్రోవి. కుడి చెవిలో వయొలిన్లు. ఎడమది తీసేశాను. పిల్లనగ్రోవి పోయి వయొలిన్లు మిగిలినాయి. అది పెట్టుకుని కుడిది తీసేశాను. వయొలిన్లు పోయి పిల్లనగ్రోవి ఒక్కటే, పక్కన ఎవరో మెల్లగా గజ్జెలు కదిపినట్టు చిన్న చప్పుడు. మళ్ళీ పెట్టుకున్నాను, మళ్ళీ తీశాను. మా ఆయన పొలం నుంచి వచ్చి, నేను ఒక్కో చెవీ పట్టుకుని నిలబడి ఉండడం చూసి, "ఏమైంది, చెవి నొప్పా?" అన్నాడు.

విషయం చెప్పాను. ఆ రోజుల్లో పాటలు అట్లా రికార్డు చేసేవాళ్ళు. గొంతులు రెండు వైపులా ఉంటాయి, వాయిద్యాలు కొన్ని ఒక పక్క, కొన్ని ఇంకో పక్క. ఒక పెట్టె వరండాలో, ఒక పెట్టె వంటింట్లో. క్యాసెట్లన్నీ ఆ వైరు వేసిన తర్వాత కొన్నవే. కాబట్టి మామయ్య ఒక సగం, అత్తయ్య ఇంకో సగం. అదే పాట, అదే ఇల్లు.

మా ఆయన నవ్వాడు. "అయితే ఇంకా మంచిది. కొత్తదాంట్లో రెండూ ఒకే పెట్టెలో కలిసి వస్తాయి. ఇద్దరికీ తగువు తీరిపోతుంది," అన్నాడు.

అది తప్పు మాట కాదు. అయినా "కొత్తదాని సంగతి ఆపప్పా," అన్నాను. "ముందు దీనికి ఏమైందో తెలుసుకోవల్ల."

"తెలుసుకుని?"

"తెలుసుకున్నాక చూద్దాం."

మామయ్య కుర్చీలోంచి, "ఈ పిల్ల వదలదురా. పోనీ, ఒకసారి చూపించుకు రానీ," అన్నారు.

సెట్టుని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. అంత బరువు ఉంటుందని తెలీదు. పక్కన కూచున్న ఆమె, "ఏనమ్మా ఇదు, మిక్సీనా?" అని కన్నడలో అడిగింది. రేడియో లాంటిదని చెప్తే, ఇంకా పాడుతుందా అంది. అదే చూపించడానికి పోతాండా అన్నాను. ఆమె దిగేదాకా దుప్పటి అంచు ఎత్తి ఎత్తి చూస్తూనే ఉంది.

బళ్ళారిలో రిపేరీ షాపు సంగతి మా స్కూల్లో ఫిజిక్స్ చెప్పే ఆయన చెప్పాడు. గల్లీలో ఇరుకు గది. మెకానిక్ వయసు మళ్ళిన సాయిబు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. పైమూత విప్పగానే ఇద్దరం ఒకేసారి వంగి చూశాం. లోపల వడ్ల పొట్టు, ఎండిన బల్లిగుడ్ల పెంకులు, మెత్తటి బూడిదరంగు దుమ్ము. దుమ్ము కింద రాగితీగల చుట్టలు, పొన్నకాయల్లాగా వరసగా ఏవో నిలబడి ఉన్నాయి.

"ఇంత పురానా మాల్ ఎవరూ తీసుకురారక్కా ఇప్పుడు," అన్నాడు. "బాగు చేయల్లా, వద్దా? అది మీరే చెప్పల్ల."

"బాగవుతాదా?"

"చూడకుండా ఎట్లా చెప్పేది? చూసినా చెప్పలేను ఒక్కోసారి."

నాకు ఆ మాట నచ్చింది. కొత్త షాపులో కుర్రవాడు ఒక్కసారి కూడా తెలీదు అనలేదు.

బ్రష్షుతో దుమ్ము దులిపాడు. మీటరు పుల్లలు అక్కడా ఇక్కడా ఆనించి చూశాడు. కుడివైపు గరగర ఎందుకో ముందు దొరికింది. టంకం పగిలి లోపలి ముక్క ఒకదాని తీగకాలు వదులైంది. తలమీద తట్టినప్పుడల్లా అది పోయి అతుక్కునేది. మామయ్య వైద్యం ఉత్తదేమీ కాదన్నమాట. ఎడమవైపు అంత తేలిగ్గా దొరకలేదు. మొదట గుబ్బ చెడిందన్నాడు, అది కాదు. ఇంకేదో అన్నాడు, అదీ కాదు. నేను పక్కన స్టూలు మీద కూచుని ప్రతిదీ అడుగుతూనే ఉన్నాను. ఆయన విసుక్కోలేదు గానీ ఒకసారి మాత్రం, "టీచరా మీరు?" అన్నాడు.

చివరికి ఒక ట్రాన్సిస్టర్ కాలిపోయిందని తేలింది. "ఈడ చూడక్కా, ఎట్లా నల్లగయి ఉండాదో. ఇట్లాంటిది ఇప్పుడు తయారు చేయరు. బజార్లో డూప్లికేట్ దొరుకుతాది, అది వారం ఉంటాదో నెల ఉంటాదో. నా దగ్గర ఒక మూల పడిన సెట్టు ఉండాది. దాంట్లోంచి తీసి వేస్తా. అది ఎన్నాళ్ళుంటాదో కూడా నాకు తెలీదు."

అక్కడ నేను నిజంగానే ఆగి ఆలోచించాను. ఈ ఊళ్ళోనే రెండు వీధుల అవతల కొత్త పెట్టె ఉంది, గ్యారంటీతో. ఇక్కడ ఉన్నది వేరే పాత సెట్టులోంచి పీకిన పాత ముక్క, గ్యారంటీ లేదు. ఎవరైనా లెక్క వేసి చెప్పమంటే కొత్తది కొనమనే చెప్తాను. కానీ పిల్లనగ్రోవి ఉందా లేదా అని మా ఇంట్లో ఇద్దరు మనుషులు ఇంకా వాదించుకుంటున్నారు. వాళ్ళు ఇన్నేళ్ళూ దేంట్లో విన్నారో దాంట్లోనే వినిపించాలని నాకు అనిపించింది. దీనికి లెక్క లేదు.

"వేయప్పా," అన్నాను.

సాయంత్రానికి అయింది. ఆయన తన బల్ల మీద రెండు స్పీకర్లు పక్కపక్కన పెట్టి తగిలించాడు. నా ఫోన్లోంచి ఆ పాటే పెట్టమన్నాను. గాజు కిటికీలో రెండు ముళ్ళూ లేచినాయి. నేను చెడిపోయిందనుకున్న ముల్లు చెడిపోలేదు. దానికి ఊగడానికి ఏమీ అందలేదు, అంతే. పల్లవి అయిపోగానే ఎడమ నుంచి పిల్లనగ్రోవి, దానికి బదులిస్తున్నట్టు కుడి నుంచి వయొలిన్లు. అవి మాట్లాడుకుంటాయని ఇయర్‌ఫోన్లో నాకు తెలియలేదు. చెవుల్లో రెండూ నెత్తి లోపల కలిసిపోయినాయి. ఇక్కడ మధ్యలో జాగా ఉంది.

ఇంటికి తెచ్చాక వరండా పెట్టె, వంటింటి పెట్టె రెండూ హాల్లో పెట్టాను. వంటింటి పెట్టె గుడ్డ ఎంత తుడిచినా ఆవపిండి వాసన పోలేదు. అత్తయ్యనీ మామయ్యనీ ఎదురుగా కూచోబెట్టాను. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూచుని పాట వినడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆయన కుర్చీలో, ఆమె చాప మీద. మా ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

పల్లవి అయింది. పిల్లనగ్రోవి రాగానే అత్తయ్య చెయ్యి ఎత్తి ఎడమ పెట్టెని మామయ్యకి చూపించింది. మామయ్య ముందుకి వంగారు. వయొలిన్లు వచ్చినప్పుడు ఆయన కూడా చెయ్యి ఎత్తారు. ఆమె తల ఊపింది. చరణంలో కూడా అంతే. అది నీదా, ఇది నాదే, అన్నట్టు చేతులే.

పాట అయిపోయాక మామయ్య, "ఇదెప్పుడూ ఉందా ఇందులో?" అన్నారు.

"లేకపోతే నేను కల్పించానా?" అంది అత్తయ్య.

"అది కాదే. ఎన్నిసార్లు విన్నానో ఈ పాట. ఇంకోసారి పెట్టమ్మాయ్."

ఆ వారమంతా ఉన్న క్యాసెట్లన్నీ మళ్ళీ విన్నాం. కొన్నిటిలో తేడా ఏమీ లేదు, రెండు వైపులా ఒకటే. కొన్నిటిలో ఆమెకి తెలిసిన తబలా ఆయనకి తెలీదు, ఆయనకి తెలిసిన వీణ ఆమెకి తెలీదు. ఒక కన్నడ పాటలో ఎవరో నవ్వే నవ్వు ఒకటి ఎడమ పక్కనే ఉంది. ఆ నవ్వుకి అత్తయ్య ముందే సిద్ధంగా ఉండి మా మొహాలు చూసేది.

వారం తర్వాత ఒక పొద్దున అత్తయ్య నా దగ్గరికి వచ్చి, "ఇంక నా పెట్టె నాకు పెట్టెయ్యమ్మాయ్," అంది.

"రెండూ కలిసి ఉంటేనే కదా అత్తయ్యా పాట పూర్తిగా వచ్చేది?"

"విన్నాంగా. బాగుంది. కానీ పాట కోసం పోయి హాల్లో కూచుంటే పొయ్యి మీద పప్పెవరు చూస్తారు? నాకు వంట చేసుకుంటా వినడం ఇష్టం. కూచుని వింటే ఏదో పెళ్ళికి పోయినట్టుంది."

మామయ్యని అడిగాను. ఆయన కూడా వరండా కుర్చీయే కావాలన్నారు. హాల్లో గాలి రాదట. మా ఆయనకి ఇదంతా చూసి నవ్వాలో వద్దో తెలియలేదు. "ఇంత చేసి మళ్ళీ ఎక్కడివక్కడేనా?" అన్నాడు. అవును, ఎక్కడివక్కడే. స్టూలు వేసుకుని వైరు మళ్ళీ తగిలించాను. జాడీలకి మాత్రం గూట్లో వేరే అర చూపించాను. అత్తయ్య ఒప్పుకుంది గానీ, పసుపు డబ్బా ఒకటి అప్పుడే పాటల పెట్టె మీదికి చేరింది.

మొన్నొక సాయంత్రం నేను నడవలో నేల మీద కూచుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పాట నడుస్తోంది. పల్లవి చివర్లో మామయ్య చెప్పులు విడిచి, నన్ను దాటుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు. పిల్లనగ్రోవి అయిపోయేదాకా అక్కడే నిలబడ్డారు. అత్తయ్య గరిటె తిప్పుతూ, "ఏం కావాలి?" అంది. "ఏం లేదు," అని ఆయన మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయారు.